బోర్డు మీద మిగిలిన బిళ్ల

మా ఆఫీసులో నన్ను చాదస్తుడంటారు. సాయంత్రం సీట్లోంచి లేచే ముందు కంప్యూటర్లో ఒక కమాండు కొడతాను. ఏజెంటు అనే ప్రోగ్రాము దగ్గరున్న తాళంచెవులన్నీ తీసేసినట్టు తెర మీద ఒక వరుస వస్తుంది. అది వచ్చాక కూడా నమ్మకం కుదరక జాబితా చూపించమని అడుగుతాను. ఏమీ లేవని అది చెప్పాకే సంచి భుజాన వేసుకుంటాను. మధ్యలో టీకి వెళ్ళినా ఇదే తంతు. "తెర లాక్ చేస్తే సరిపోదా సార్?" అని కొత్తగా చేరిన ఒకమ్మాయి అడిగితే, సెక్యూరిటీ గురించి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అసలు కారణం కూడా లేదు. అది చెప్పడానికి సిగ్గేసి ఇన్నేళ్ళుగా సెక్యూరిటీని అడ్డం పెట్టుకుంటున్నాను.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ళ ముందు మాట. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఆఫీసు ఒకదాంట్లో, కంప్యూటర్ సెక్షన్లో పనిచేసేవాణ్ణి. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక ఏసీ గది, నాలుగు కంప్యూటర్లు, చెవులు చిల్లులు పడేలా అరిచే ఒక ప్రింటరు, నేను. చుట్టుపక్కల ఏడు గనుల టైమాఫీసుల్లో ఏడు మిషన్లు ఉండేవి. కార్మికుల హాజరు వాటిలోకి ఎక్కేది. నేను నా కుర్చీలోంచే ఆ ఏడింటిలోకీ లాగిన్ అయి, ఆ హాజరు తెచ్చుకుని, ఏదైనా చెడితే బాగుచేయాలి. హాజరును మా వైపు మస్టర్లంటారు. ఏడాదిలో మస్టర్లు మరీ తగ్గితే ఉద్యోగానికే ఎసరు. అందుకని ఆ మిషన్లలోకి వెళ్ళగలిగిన మనిషి కనపడితే జనం బండి ఆపి మరీ పలకరించేవాళ్ళు. ఆ పలకరింపులు నా తలకెక్కాయి.

మా గది తలుపు దగ్గర ఒక స్టూలు, ఒక చిన్న బల్ల, దాని మీద పొడుగాటి రిజిస్టరు ఉండేవి. వాటి వెనక కాక. ఆయన నాకు చుట్టం కాదు, అందరికీ కాకే. వయసులో ఉన్నప్పుడు పదేళ్ళు బాయిలో బొగ్గు ఎత్తాడు. గనిని మేం బాయే అంటాం. రొమ్ములో దుమ్ము చేరి దగ్గు పట్టుకుంటే మెడికల్ బోర్డు బాయి దిగక్కర్లేని పైపని ఇచ్చింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు లాంపు రూములో చేశాడు. ఆ బాయి మూతపడ్డాక, దుమ్ము లేని చోట పెట్టాలని డాక్టరు కాగితం రాస్తే, మా ఏసీ గది తలుపు దగ్గరికి వచ్చాడు. ఆ స్టూలు ఆయనకు ఎంత పెద్ద వరమో ఆయనే చెప్పేవాడు. "గీ రూముల కూసున్నప్పటి సంది రాత్రి నిద్ర వడుతున్నది బిడ్డా. ఊపిరి గుంజుతలేదు," అని.

లాంపు రూము పద్ధతి తెలియని వాళ్ళకు ఒక్క మాట. బాయి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ల ఉంటుంది. దిగేటప్పుడు బిళ్ల కిటికీలో ఇచ్చి, తలకు పెట్టుకునే లాంపు తీసుకుంటాడు. బిళ్లను బోర్డుకు తగిలిస్తారు. పైకొచ్చాక లాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. అతని సంగతి తేలేదాకా లాంపు రూము మనిషి ఇంటికి పోకూడదు. ఒకరి బిళ్ల ఇంకొకరికి, సొంత తమ్ముడికైనా సరే, ఇవ్వకూడదు. మా నాయిన కూడా చాలా ఏళ్ళు ఈ కాక చేతి మీదుగానే లాంపు తీసుకున్నాడు. ఒకసారి ఒక పెద్దమనిషి లాంపు ఎక్కడో పడేసి, బిళ్ల అడగకుండా వేరే దారిన జారుకుని కల్లు దుకాణంలో కూర్చున్నాడట. అతను దొరికేదాకా కాక రెండు షిఫ్టులు ఆ బోర్డు ముందు నుంచి కదల్లేదని మా నాయిన చెప్పేవాడు.

ఆ అలవాటుతోనే కాక మా రిజిస్టరు రాసేవాడు. ఎవరొచ్చినా పేరు, వచ్చిన టైము, పోయిన టైము. పెద్ద ఆఫీసరు వచ్చినా నిలబెట్టి టైము రాశాకే లోపలికి వదిలేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవని చెప్పను. వంకరగా ఉండేవి, కానీ కొట్టివేతలు ఉండేవి కావు.

అప్పుడే పాస్‌వర్డులు తీసేసి తాళంచెవుల పద్ధతి పెట్టమని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అప్పటిదాకా ఏడు మిషన్లకూ కలిపి ఒకటే పాస్‌వర్డు. దాన్ని దాచడానికి మేమేమీ కష్టపడలేదు. గది ఊడ్చే అక్కకు కూడా తెలుసు. కొత్త పద్ధతిలో రెండు తాళంచెవులు, అంటే రెండు చిన్న ఫైళ్ళు, తయారవుతాయి. ఒకటి రహస్యం, మన దగ్గరే ఉండాలి. దాని జోడీని ఏడు మిషన్లలోనూ పెట్టాలి. రెండూ కుదిరితేనే తలుపు తెరుచుకుంటుంది. రహస్యపు తాళంచెవిని ఎవరైనా ఎత్తుకుపోతే ఎట్లా? అందుకని దానికి మళ్ళీ ఒక పొడుగాటి పాస్‌ఫ్రేజు. నేను మా అవ్వ చెప్పే ఒక సామెత పెట్టుకున్నాను, మధ్యమధ్య అంకెలు దూర్చి. పెట్టుకున్నప్పుడు గొప్పగా ఉంది. రోజుకు నలభైసార్లు ఆ సామెత కొట్టాల్సి వచ్చేసరికి అవ్వ మీదే కోపమొచ్చింది.

దానికి విరుగుడు ఏజెంటు. అదొక చిన్న ప్రోగ్రాము. పొద్దున ఒక్కసారి పాస్‌ఫ్రేజు కొట్టి తాళంచెవిని దానికి అప్పగిస్తే చాలు. ఇక మిషను మూసేదాకా, ఏ గని అడిగినా అదే జవాబు చెబుతుంది. అక్షరం కూడా కొట్టే పని లేదు. ఈ సంగతి ఒక దోస్తు పంపిన ప్రింటవుట్లలో చదివి, మూడు రోజులు దానితో కుస్తీ పట్టాను. మొదట తాళంచెవి ఫైలు నలుగురికీ కనపడేలా ఉందని, అట్లాంటిదాన్ని ముట్టుకోనని ప్రోగ్రాము మొండికేసింది. నాకొక్కడికే చదివే హక్కు ఉంచాక గానీ దారికి రాలేదు. తర్వాత ఏజెంటును లేపాను. తాళంచెవి ఇవ్వబోతే అసలు ఏజెంటే లేడు పొమ్మంది. అది లేచినప్పుడు తన చిరునామా రెండు వరుసల్లో చెబుతుందట. నేనది చదివి ఊరుకున్నాను. దాన్ని షెల్లుకు, అంటే నేను కొట్టే కమాండ్లు అందుకునే ప్రోగ్రాముకు, అప్పజెప్పాలని తెలియడానికి ఒకటిన్నర రోజు పట్టింది. చివరికి లాగిన్ అవగానే దానంతట అదే లేచేలా రాసిపెట్టాను. రెండో రోజు చూసుకుంటే ఒకరు కాదు, పంతొమ్మిది మంది ఏజెంట్లు పనీపాటా లేకుండా కూర్చుని ఉన్నారు. పద్దెనిమిది మందిని చంపి ఒకణ్ణి ఉంచుకున్నాను.

ఆ ప్రింటవుట్లలోనే ఇంకో విషయం ఉంది. తాళంచెవికి గడువు పెట్టొచ్చు, ఇన్ని గంటలు దాటితే ఏజెంటు దాన్ని వదిలేస్తుంది. వెళ్ళేటప్పుడు తీసేసే కమాండు కూడా పక్కనే ఉంది. రెండూ చదివాను. నాకు అవసరం లేదనుకున్నాను. గది నాది, తలుపు దగ్గర కాక ఉన్నాడు, ఇంకేం కావాలి?

ఏడు గనుల్లోకి ఏడుసార్లు ఏమీ కొట్టకుండా వెళ్ళొచ్చిన రోజు ఉత్సాహం పట్టలేక కుర్చీ వెనక్కి తిప్పాను. కాక నన్ను చూసి నవ్వాడు.

"ఏంది బిడ్డా, మూడు దినాల సంది గా డబ్బతోని కొట్లాడవడితివి. ఇయ్యాల నవ్వుతున్నవంటే గెలిచినట్టేనా?"

"గెలిచిన కాకా. ఇగ సూడు, ఇదంత మీ లాంపు రూం లెక్కనే. గీ ఏజెంటు అంటే నువ్వే అనుకో. పొద్దుగాల నా బిళ్ల నీకిచ్చిన. ఇగ ఏ బాయోళ్ళు అడిగినా, గా మనిషి నాకెరికే, ఆయన బిళ్ల నా దగ్గరున్నదని నువ్వు చెప్తవ్. బిళ్ల మాత్రం ఎవలి చేతికియ్యవ్."

కాక కళ్ళద్దాలు పైకి తోసుకుని తెర వైపు చూశాడు. తన పని చేసే ప్రోగ్రాము ఒకటి ఉందని వినడం ఆయనకు నచ్చింది.

"మంచిగున్నది. మరి డ్యూటీ దిగినంక బిళ్ల వాపస్ తీస్కుంటవా?"

"అక్కర లేదు కాకా. మిషన్ బంద్ చేస్తే దానంతల అదే పోతది."

"నువ్వు మిషన్ బంద్ చెయ్యవు గద."

నిజమే, చేసేవాణ్ణి కాదు. ఆపితే మళ్ళీ లేవడానికి పావుగంట తినేది.

"పొద్దుగాల మల్ల గంత పొడుగు కొట్టాలంటే యాష్ట కాకా. ఉండనీ, ఏమైతది?"

"గట్లెట్ల బిడ్డా? మనిషి ఇంటికాడ, బిళ్ల బోర్డు మీద. మా దగ్గరైతే సైరన్ కొడ్తరు."

నేను నవ్వాను. చదువుకున్నవాడి నవ్వు ఒకటుంటుంది, ఎదుటివాడి మాట వినకుండానే సరే సరే అన్నట్టుండేది. అదే. కంప్యూటర్లలో అట్లా ఉండదు కాకా అని కూడా అన్నాను. ఉండేది సరిగ్గా అట్లాగేనని నాకంటే ముందు ఆయనకు తెలిసింది.

ఆ తర్వాత రెండు నెలలకు ఒక మధ్యాహ్నం ఇండియా మ్యాచ్ వచ్చింది. క్వార్టర్లలో ఒక దోస్తు కొత్త టీవీ కొన్నాడు. మూడింటికల్లా రమ్మన్నాడు. నా డ్యూటీ ఐదింటిదాకా. సెలవు పెడితే పోయేది, కానీ రెండు గంటల కోసం సెలవెందుకు అనిపించింది. సంచి తీసుకుని తలుపు దగ్గర ఆగాను.

"కాకా, నేను వోతున్న. జర ఐదు అని రాసెయ్యి."

కాక పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూశాడు. "మూడే కాలేదు."

"మ్యాచ్ ఉన్నది కాకా. ఒక్కసారే. ఎవలడుగుతరు?"

"లాంపు రూంల ఉన్నప్పుడు మీ నాయిన అడిగినా రాసేటోన్ని గాదు."

"గది లాంపు రూం, గిది కంప్యూటర్ రూం. నా కోసం గింత చెయ్యవా?"

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయనకు పిల్లలు లేరు. నన్ను బిడ్డా అని పిలవడం ఒట్టి అలవాటు కాదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. కాక తల వంచి, నా పేరుకు ఎదురుగా ఐదు అని మెల్లగా రాశాడు. "పో మరి, జల్ది పో," అన్నాడు. వెనక కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. ఏజెంటు చేతిలో నా తాళంచెవి ఉంది. నేను మెట్లు రెండేసి దాటుకుంటూ దిగాను.

పక్క సెక్షన్లో ఒక గుమాస్తా ఉండేవాడు. నాతో కలిసి టీ తాగేవాడు. నేను ఏమీ కొట్టకుండా గనుల్లోకి వెళ్ళే విద్య చూసి చాలాసార్లు మెచ్చుకున్నాడు. నేనూ అతని ముందు చాలాసార్లు ప్రదర్శించాను. అతని బామ్మర్ది ఒక గనిలో పనిచేసేవాడు, పనికంటే ఎగ్గొట్టడమే ఎక్కువ. ఆ రోజు నాలుగుంపావుకు గుమాస్తా మా గదికి వచ్చి, ప్రింటు కాగితాలు తెమ్మని తన సెక్షన్ సారు పంపాడన్నాడు. కాక అతని పేరు, వచ్చిన టైము రాసి లోపలికి వదిలాడు. అతను నా కుర్చీలో కూర్చుని, నా తాళంచెవితో ఆ గని మిషనులోకి వెళ్ళి, బామ్మర్దికి రాని రోజులకు ఆరు మస్టర్లు వేశాడు. నాలుగూ నలభైకి కాగితాల కట్టతో బయటికొచ్చాడు. కాక ఆ టైము కూడా రాశాడు.

పది రోజులకు దొంగతనం బయటపడింది. గని దగ్గర చేత్తో రాసే పుస్తకంలో ఆ ఆరు రోజులూ అతను దిగనే లేదు. మిషనులో మాత్రం దిగాడు. ఎవరు మార్చారని చూస్తే నా తాళంచెవి, మా గది కంప్యూటరు. విచారణకు ఒక ఆఫీసరును వేశారు. నన్ను పిలిచారు.

ఆయన ముందు మా రిజిస్టరు తెరిచి ఉంది. "ఆ టైములో ఈ గుమాస్తా లోపలున్నాడు. అతను ఒప్పుకున్నాడు. ఐదింటిదాకా నువ్వు కూడా లోపలే ఉన్నట్టుంది ఇక్కడ. అంటే నీ పక్కన కూర్చుని చేశాడా, నువ్వే చేయించావా?"

ఒకసారి ఆలోచించండి. కాక గుమాస్తా గురించి రాసిన నిజం వల్ల అసలు దొంగ దొరికాడు. నా గురించి రాసిన అబద్ధం వల్ల నేను ఆ దొంగ పక్కన కూర్చున్నట్టయింది. దాన్నుంచి బయటపడాలంటే నేను ఒకటే మాట చెప్పాలి. మూడింటికి వెళ్ళిపోయాను సార్, ఐదు రాయమని నేనే అడిగాను, అని. చెబితే నాకేమయ్యేది? ఒక మెమో వచ్చేది. ఒక ఇంక్రిమెంటు ఆగేదేమో. ప్రమోషను ఒక ఏడాది వెనక్కి పోయేది. అంతే. ఆ లెక్క ఆ రోజు కూడా నాకు తెలుసు.

"నేను మూడింటికే వెళ్ళిపోయాను సార్. కావాలంటే నాతో ఉన్నవాళ్ళను అడగండి. వెళ్ళేటప్పుడు టైము చెప్పే వెళ్ళాను. ఆయన రాయడం మర్చిపోయి, తర్వాత ఉజ్జాయింపుగా ఐదని వేసినట్టున్నాడు. పెద్దవాడు సార్. ఈ మధ్య మతిమరుపు."

మతిమరుపు అన్న మాట ఎవరూ అడగలేదు. నేనే చేర్చాను.

"మరి నువ్వు లేకుండా నీ తాళంచెవి ఎట్లా పనిచేసింది?" అన్నాడు ఆఫీసరు. నేను ఏజెంటు గురించి, షెల్లు గురించి, కంప్యూటర్ మెమరీలో ఉండే తాళంచెవుల గురించి పావుగంట చెప్పాను. సులభంగా చెప్పడం నాకు వచ్చు. కాకకే చెప్పాను కదా, ఒక్క నిమిషంలో. ఆయనకు మాత్రం అర్థం కాకుండా చెప్పాను. చివరికి అది ప్రోగ్రాము స్వభావమే తప్ప మనిషి తప్పు కాదన్నట్టు తేల్చాను. ఇకమీదట జాగ్రత్తగా ఉండమని నోటిమాటతో వదిలేశాడు.

తర్వాత కాకను లోపలికి పిలిచారు. నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. ఆయన నిలబడ్డాడు.

"ఇతను మూడింటికి వెళ్తూ నీకు చెప్పాడట. ఐదని ఎందుకు రాశావ్?"

కాక నా వైపు తిరిగాడు. కోపం లేదు. నేనేదో చెప్పబోతున్నానని ఎదురుచూస్తున్నట్టుంది. నేను బల్ల మీది పేపర్‌వెయిట్ చూస్తూ కూర్చున్నాను.

"మర్చిపోయిన సార్," అన్నాడు.

"లాంపు రూములో అంతకాలం చేసినవాడివి, టైము రాయడం మర్చిపోతావా?"

"వయసైంది సార్. మతి సక్కగ ఉంటలేదు."

నేను వాడిన మాటనే ఆయన వాడాడు. అది ఆయన బయట నిలబడి విన్నాడో, నన్ను కాపాడటానికి తనకే తట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండిట్లో ఏదైనా నాకు తలెత్తుకునే వీలు లేదు.

వారంలో కాగితం వచ్చింది. మతిమరుపు మనిషిని కంప్యూటర్ గది దగ్గర ఉంచడం మంచిది కాదని ఆయన్ను సీహెచ్‌పీకి పంపారు. బొగ్గు పగలగొట్టి వ్యాగన్లకు ఎత్తే ప్లాంటు అది. డాక్టరు కాగితం సంగతి ఏమిటని యూనియన్ వాళ్ళు అడిగితే, అది కూడా పైపనే కదా అన్నారు. పైపనే. కానీ అక్కడ చెట్ల ఆకులు కూడా నల్లగా ఉంటాయి. ఆయనకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసు ఉంది. వెళ్ళే రోజు రిజిస్టరు, పెన్ను, స్టూలు మీద వేసుకునే చిన్న బొంత నాకు అప్పగించాడు. బొంత కొత్తగా వచ్చేవాడికి ఇవ్వమన్నాడు. నేను సరేనన్నాను.

ఆ రోజు సాయంత్రం మొదటిసారి తాళంచెవి తీసేసే కమాండు కొట్టాను. ఎంత చిన్నదో! మూడు సెకన్లు పట్టలేదు.

తర్వాత నెలల సంగతి చెప్పుకోవడమే సిగ్గు. బజార్లో ఆయన కనపడితే పక్క గల్లీలోకి తిరిగేవాణ్ణి. తేలు కుట్టిన దొంగలా ఉండేది నా బతుకు. ప్లాంటు గేటు ముందు నుంచి పోవాల్సి వస్తే బండి స్పీడు పెంచేవాణ్ణి. అయినా ఒకసారి చూశాను. మూతికి తువ్వాల కట్టుకుని, బొగ్గు మోసే బెల్టు కింద రాలిన పొడి ఊడుస్తున్నాడు. రెండు చీపురు దెబ్బలు, ఒక దగ్గు. కాసేపు చీపురు కర్ర మీద ఆనుకోవడం, మళ్ళీ రెండు దెబ్బలు.

ఒకరోజు కంపెనీ దవాఖానలో తప్పించుకునే దారి లేక ఎదురుపడ్డాను. చేతిలో మందు సీసా పట్టుకుని లైన్లో ఉన్నాడు.

"బిడ్డా, మంచిగున్నవా? అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నం కాకా. నీకెట్లున్నది?"

"దుమ్ము జర ఎక్కువున్నది. పండుకుంటే దగ్గొస్తది, కూసోని నిద్రపోతున్న. ఇంక తొమ్మిది నెల్లే గద."

"నేను సార్‌తోని మాట్లాడుత కాకా. నిజంగ మాట్లాడుత."

ఆయన మొహంలో ఒక్క క్షణం ఆశ కనపడింది. ఆ స్టూలు మీద ఆశ. నేను చూశాను. "నీకు ఫికర్ లేకుండ అయితేనే," అన్నాడు.

మాట్లాడలేదు. మొదట ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది, అది కానీ అనుకున్నాను. అయింది, వచ్చింది. తర్వాత తెలంగాణ కోసం సమ్మెలు వచ్చాయి. ఆఫీసులు మూతపడి, తెరిచినప్పుడు పనులు నెత్తిన పడ్డాయి. ఇప్పుడు పాత సంగతి ఎత్తితే ఆయనకే ఇబ్బంది అనుకున్నాను. ఇంకా మూడు నెలలే కదా అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రోజుకొక కారణం దొరికేది. రొమ్ము ఆయనది కాబట్టి నాకు నెలలు తేలిగ్గా గడిచాయి.

పదవీ విరమణకు వారం ముందు కాక స్వయంగా మా గదికి వచ్చాడు. తలుపు దగ్గర కొత్త మనిషి పేరు రాయకుండానే లోపలికి రమ్మంటే ఒప్పుకోలేదు. రిజిస్టరు తీసుకుని తన పేరు, టైము తనే రాశాకే లోపలికి వచ్చాడు. "ఆఖరు తారీఖు నాడు సన్మానం పెడుతున్నరు బిడ్డా. నువ్వు రావాలె," అన్నాడు.

ఆ రోజు అందరి ముందూ చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాను. పొద్దున అద్దం ముందు నిలబడి మాటలు కూడా కూర్చుకున్నాను. ప్లాంటు దగ్గర షామియానా వేశారు. శాలువాలు, దండలు, ఇంటిదాకా ఊరేగించడానికి డప్పులోళ్ళు. ప్రమోషను వచ్చిన మనిషిని కదా, నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. రెండు కుర్చీల అవతల ఆ విచారణ ఆఫీసరు. కాకతో పనిచేసినవాళ్ళు రెండు ముక్కలు మాట్లాడాలని మైకు నా చేతికి ఇచ్చారు.

ఆఫీసరు నా వైపు చూసి నవ్వాడు. నేను గొంతు సవరించుకున్నాను. కాక క్రమశిక్షణకు మారుపేరు అన్నాను. కాక దగ్గర మేమంతా నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది అన్నాను. ఆయన శేషజీవితం ఆయురారోగ్యాలతో గడవాలని కోరుకున్నాను. ఆయురారోగ్యాలతో! మైకు ఇచ్చేసి కూర్చున్నాను.

చివర్లో కాక లేచాడు. మెడ నిండా బంతిపూల దండలు. మధ్యమధ్య ఆగి దగ్గుతూ మాట్లాడాడు.

"ఇరవై రెండేండ్లు లాంపు రూంల చేసిన. ఒక్కని బిళ్ల ఇంకొక్కనికియ్యలే. కంప్యూటర్ రూంల పుస్తకం రాసిన. గా పుస్తకంల ఒక్క గీత తప్పు రాసిన. మర్చిపోయిన అని చెప్పిన అప్పుడు. గది అబద్ధం. మర్చిపోలే. ఎరికుండే రాసిన. ఒకలు అడిగితే కాదనలేక రాసిన. ఎవలడిగిన్రని అడుగకున్రి, గది నా తప్పే. గానీ నా మతి మాత్రం సక్కగున్నది. మతి తప్పినోడు అన్న పేరుతోని ఇంటికి పోవద్దని చెప్తున్న. గంతే."

ముసలాయన ఏదో మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాడని జనం నవ్వి చప్పట్లు కొట్టారు. ఆఫీసరు కూడా కొట్టాడు. నేనూ కొట్టాను. అందరూ ఆపిన తర్వాత కూడా నా చేతులు ఇంకా కొడుతూనే ఉన్నాయి.

తర్వాత ఒక్కొక్కరూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంటున్నారు. నా వంతు వచ్చింది. రెండు చేతులూ పట్టుకున్నాను. గోళ్ళ సందుల్లో నల్లగా ఉంది. కాకా, అని ఆగాను. ఆయన నా కళ్ళలోకి చూస్తూ, వెనకాల ఎవరికీ వినపడకుండా మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు బిళ్ల తీస్తున్నవా బిడ్డా, ఇంటికి పొయ్యేటప్పుడు?"

"తీస్తున్న కాకా."

"రోజూ?"

"రోజూ."

"మంచిది," అని నా చెయ్యి వదలకుండా ఇంకా కాసేపు నిలబడ్డాడు. నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉందని ఆయనకు తెలుసు. దాని కోసమే ఆగాడు. పద్నాలుగు నెలలు ఆగినవాడు ఇంకొక్క నిమిషం ఆగాడు. నా వెనక చాలామంది లైన్లో ఉన్నారు. నేను పక్కకు జరిగాను.